సీతారామారావు ఏకాకితనం, ఇందిర మౌనం

త్రిపురనేని గోపీచంద్ రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పలువురు విమర్శకులు పేర్కొన్నారు. కథానాయకుడు సీతారామారావు పతనానికి ఆస్తినష్టాన్ని, ఆత్మన్యూనతను, కార్యశూన్యతను కారణాలుగా చూపడం పరిపాటి. ఇవి కాదనలేనివే. అయితే లోకంలో ఏ పనీ సాధించలేని ఈ వ్యక్తి ఇంట్లో భార్యపై ఎందుకు చేయిచేసుకుంటాడన్న ప్రశ్నకు ‘అసమర్థత’ అన్న మాట సమాధానం కాజాలదు. అసమర్థులందరూ కొట్టరు.

వంశప్రతిష్ఠ నిలపమన్న తండ్రి ఆదేశాన్ని సీతారామారావు దాతృత్వంగా అర్థం చేసుకొన్నాడు. ఇచ్చే స్థానంలో ఉన్నంతకాలం చుట్టూ జనం ఉన్నారు. ఆస్తితోపాటు వారూ తొలగిపోయారు. అటుపై అతనికి మిగిలింది మనుషులు లేని ఒంటరితనం కాదు. భార్య ఉంది, బిడ్డ ఉంది, మాట్లాడడానికి రామయ్యతాత ఉన్నాడు. లేనిదల్లా తన అవసరాన్ని ఒప్పుకొనే భాష. వంశగౌరవం అతనికి ఇవ్వడం నేర్పింది కాని అడగడం నేర్పలేదు. అందువల్ల ఇందిర ఆదరణ అతనికి జాలిగానూ, ఆమె మౌనం నిందగానూ తోచే స్థితి ఏర్పడింది. తన పతనాన్ని అతి సమీపం నుంచి చూస్తున్న సాక్షి ఆమె. ఆ సాక్షినే అతడు శిక్షిస్తాడు. కొట్టిన ప్రతిసారీ మరింత ఏకాకి అవుతాడు. ఏకాకితనం హింసకు కారణమన్నది సగం మాట మాత్రమే. హింస ఏకాకితనాన్ని ఉత్పత్తి చేస్తుందన్నది నవల చూపే మిగతా సగం.

దాదాపు అదే కాలంలో వెలువడిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లోని దయానిధి కూడా ఏకాకియే. (ఇద్దరి భార్యల పేర్లూ ఇందిరే కావడం యాదృచ్ఛికం కావచ్చు.) తల్లిపై పడిన అపవాదు అతనిని సంఘానికి దూరం చేసినా ఆ బాధ ఆత్మాన్వేషణ వైపు మళ్లింది. అమృతం వంటి స్త్రీల ముందు తన లోటును దాచుకోవలసిన అగత్యం అతనికి లేదు. కనుక పురుషుని ఒంటరితనం అనివార్యంగా దౌర్జన్యమవుతుందన్న వాదం నిలవదు.

ఈ నవలను మొదట పాఠ్యగ్రంథంగా చదివినప్పుడు నేనూ సీతారామారావుపైనే జాలిపడ్డాను. కథనం ప్రధానంగా అతని మనస్సు వెంట నడవడం అందుకు ఒక కారణం. శ్మశానంలో ముగిసే అతని యాత్రపై ఇంత చర్చ జరిగింది; అదే ఇంట్లో, అదే పేదరికంలో, అతనికంటె తక్కువ తోడుతో బతికిన ఇందిర ఎవరినీ కొట్టలేదన్న విషయంపై విమర్శ తగినంతగా దృష్టి నిలపలేదు.