తెలియని కమాండుకు మేడిపల్లి పరీక్ష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామనామములను ఒక పట్టికగా కూర్చవలెనను వ్యసనము నాకు చిరకాలముగా గలదు. నాచుపల్లి ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఉద్యోగార్థియై హైదరాబాదు చేరిన మా బంధువుల పిల్లవాడొకడు ఆ పట్టికను సవరించుటకై నా లినక్స్ యంత్రమునందు వ్రాసి విడిచిపోయిన పొట్టి కమాండ్లే నన్నీ విద్యలోనికి దింపినవి. డబ్ల్యూసీ యట, రెవ్ అట! పేరు విని స్వభావము చెప్పుట అసాధ్యము.

తెలియని కమాండును నడిపి చూతమనుట దుస్సాహసము. ఫైలును చదువునదేదో, చెరిపివేయునదేదో పైకి తెలియదు. ముందుగా 'టైప్' అను కమాండుచే అది షెల్లులోనిదో, డిస్కుపై వేరుగా నున్నదో విచారించి, వేరుగా నున్నచో 'ఫైల్' అనుదానిచే అది యంత్రభాషలోని ప్రోగ్రామో, చదువదగిన స్క్రిప్టో గ్రహించి, స్క్రిప్టైనచో తెరచి చదువుటయే ఉత్తమము. 'హెల్ప్' అని తగిలించి పిలిచిన చాలునని పలువురు నమ్ముదురు గాని, ఆ మాటను లక్ష్యపెట్టని స్క్రిప్టు తన పని తాను చేసికొనిపోవును.

పిమ్మట కమాండ్ల వివరణ గ్రంథమైన మాన్యువల్ పుటలు, అనగా మ్యాన్ పుటలు. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు సిద్ధపరచిన 1971 నవంబరు 3 నాటి యూనిక్స్ తొలి మాన్యువల్ యందలి పేరు, వాడుక, వివరణము, లోపములు అను శీర్షికలు నేటికిని నిలిచియున్నవి. వీనిలో లోపముల భాగమును మొదట చదువుట నా యలవాటు. తక్కినదంతయు తెలిసినవాడు తెలిసినవానికి వ్రాసినట్లుండును.

అంతట పరీక్ష. ఫలితము మనకు ముందే తెలిసిన చిన్న వస్తువునే దానికీయవలెను. నా పట్టికలోని మేడిపల్లి పేరొక్కటే ఇంగ్లీషు లిపిలో గల ఫైలును డబ్ల్యూసీకి ఇచ్చితిని. 1, 1, 10 అని వచ్చినది. పంక్తి ఒకటి, పదమొకటి, తొమ్మిదక్షరములు, పంక్తి ముగింపు గుర్తొకటి: ఇంతవరకు సుగమమే. తెలుగులో మేడిపల్లి అని వ్రాసి ఇచ్చినంతనే పది కాస్త 28 ఆయెను! కంటికి నాలుగే అక్షరములు గదా. కాని యూనికోడు లెక్కలో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు వేరువేరుగా తొమ్మిది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు. వెరసి ఇరువదియేడు, పంక్తి గుర్తొకటి. ఇంగ్లీషు పేరొక్కటే ఇచ్చి ఊరకుండినచో ఆ కమాండు అక్షరములను లెక్కించుచున్నదని భ్రమపడి యుందును. అది లెక్కించునది బైట్లనని చూపినది తెలుగు.

రెవ్ మరింత వింతది. నా పాత యంత్రమందు అది మేడిపల్లిని తిరుగవేసి 'ిల్లపిడేమ' అని చూపెను; గుడి ఆధారము లేక ముందు వ్రేలాడుచున్నది. ఇట్టి వికారమును పిల్లవాడు నా పట్టికను సవరించు కమాండ్ల వరుసలో ఏల పెట్టెనో ఎంత యోచించినను బోధపడలేదు. ఒక కమాండు ఏమి చేయునో తెలిసినను, దాని నచట ఉంచిన ప్రయోజనము దాని ప్రక్కనున్న కమాండ్లను చూచినగాని తెలియదు. ఆ వరుసను తిరిగి చదివితిని: రెవ్, దాని వెనుక సార్ట్, దాని వెనుక మరల రెవ్. పేర్లను తోకలవైపు నుండి వరుసపెట్టి, పిదప యథారూపమునకు తెచ్చుట! రెండవ రెవ్ మొదటిదాని వికారమును పూర్తిగా విప్పివేయును. తెరపై మేడిపల్లి, నాచుపల్లి, మెట్‌పల్లి ఒకచోట చేరినవి. మల్లాపూర్, సారంగాపూర్ వేరొకచోట.