హెడ్‌లైన్‌లో కామా

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఉద్యోగం మారాలనుకునే వాళ్లకు పొద్దున్నే ఒక పూజ ఉంటుంది. నౌక్రీ తెరిచి రెజ్యూమె హెడ్‌లైన్‌లో ఒక కామా తీసేస్తారు. మర్నాడు దాన్నే మళ్లీ పెడతారు. చాదస్తం అనుకోకండి. రిక్రూటర్లు ఈమధ్య కదలిక ఉన్న ప్రొఫైళ్లనే వడగట్టి చూస్తారు. ఆర్నెల్లుగా ఉలుకూ పలుకూ లేనిది ఎంత గొప్ప ప్రొఫైలైనా వాళ్ల కంట పడదు. లింక్డిన్‌లో అదే పని చేసేది 'ఓపెన్ టు వర్క్'. ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం పెట్టి అందరికీ చాటొచ్చు, లేదంటే రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలా పెట్టుకోవచ్చు. ఈ రెండోది మీ కంపెనీ రిక్రూటర్లకు తెలియకుండా చూస్తామంటుంది లింక్డిన్. పూర్తి హామీ మాత్రం ఇవ్వలేమని కూడా అక్కడే రాసుకుంటుంది. మైండ్‌స్పేస్‌లో ఈ టవర్ హెచ్చార్, ఆ టవర్ హెచ్చార్ ఒకే హాస్టల్లో ఉండే ఊరు మనది. హామీ లేదన్న మాటనే నమ్మండి.

ఎలా కనబడాలో చెప్పేవాళ్లకు మాదాపూర్‌లో కొదవ లేదు. రోజుకో పోస్టు పెట్టమంటారు, పెద్దవాళ్ల పోస్టుల కింద ఏదో ఒకటి రాయమంటారు. నాకు మాత్రం ఇందులో అసలు పని చాలా చప్పనిదనిపిస్తుంది: అన్ని చోట్లా ఒకే మనిషిగా ఉండటం.

చిక్కు మన పేర్లతోనే మొదలవుతుంది. ఇంటిపేరు పదో తరగతి మెమోలో ముందుంటుంది, ఆఫీసు మెయిల్లో వెనక్కి పోతుంది, రెజ్యూమెలో ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది. లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు 'ఎక్స్'తో రాస్తారు, ఇంకొకరు 'కె ఎస్ హెచ్'తో రాస్తారు. న్యూమరాలజీ ఆయన చెప్పాడని మధ్యలో ఒక 'ఏ' వచ్చి చేరుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయికి క్లౌడ్ సర్టిఫికేషన్ ఒక పేరు మీద, గిట్‌హబ్‌లో కోడ్ ఇంకో పేరు మీద ఉంటాయి. వెతికేవాడికి వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. ఇక శ్రీనివాసరావులూ సాయికిరణ్‌లూ ఎందరో! గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద నిలబడి కేకేస్తే కనీసం నలుగురు తిరిగి చూస్తారు. పాస్‌పోర్టులో ఉన్న పేరునే పట్టుకుని ప్రతి చోటా అదే వాడటం మేలు. పాత ఇంటిపేరుకు లింక్డిన్‌లో విడిగా ఒక గడి ఉంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

తర్వాత తేదీలు. ఇక్కడ మన ప్రొఫైల్‌ను చదివేవాళ్లకంటే సరిచూసేవాళ్లు ఎక్కువ. 2006లోనే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ ఉద్యోగుల కోసం నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టి ఫొటోలూ వేలిముద్రలూ తీసుకుంది. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ అనే ఒకే నంబరు వచ్చాక ఎవరు ఎక్కడ ఎప్పుడు చేరి ఎప్పుడు మానేశారో ఒకే వరసలో కనబడుతోంది. ఈ ఊళ్లో ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ అమ్మిన ముఠాలను పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు కనుక సరిచూసేవాళ్ల అనుమానం ఉత్తపుణ్యానికి వచ్చింది కాదు. బాధ ఏమిటంటే అది నిజాయితీపరుడి మీదా పడుతుంది. రిలీవింగ్ లెటర్‌లో మే, లింక్డిన్‌లో జూన్ ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఒక ఆదివారం కాగితాలు ముందేసుకుని నెలలు సరిచూసుకుంటే అది పది పోస్టుల పెట్టు.

మన చేతిలో లేని పరువు కూడా ఒకటుంది. సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గాను గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. దాదాపు 7,000 కోట్ల దొంగ లెక్క. అవార్డు వెనక్కి పోయింది. సుమారు 53,000 మంది రెజ్యూమెల్లో మొదటి లైను రాత్రికి రాత్రి బరువెక్కింది. అదే ఏడు ఆ కంపెనీ మహీంద్రా సత్యం అయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. సీటు మారకుండానే ఉద్యోగికి మూడు కంపెనీల పేర్లు వచ్చాయి. ఇందులో ఏది రాయాలి? నన్నడిగితే సత్యం అనే రాసి, పక్కన 'ఇప్పటి టెక్ మహీంద్రా' అని చేర్చాలి. ఆ పేరు దాచుకోవాల్సిన అవసరం కోడ్ రాసినవాళ్లకు లేదు.

ఇక మన చేతిలో ఉన్నది మన మాట. లింక్డిన్‌లో బ్లేజర్ వేసుకున్న మనిషే ఎక్స్‌లో హీరో బొమ్మ డీపీగా పెట్టుకుని అవతలి ఫ్యాన్స్‌నూ వాళ్ల కులాన్నీ కలిపి తిడుతుంటాడు. అసలు పేరు లేదు కదా అని ధీమా. కాలేజీ రోజుల నుంచీ వాడుతున్న ఆ ముద్దుపేరే గిట్‌హబ్‌లోనూ ఉందన్న సంగతి గుర్తుండదు. తర్వాత తుడిచేయిద్దామంటే, 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో మన వివరాలు తుడిచేయమని కంపెనీలను అడిగే హక్కు రాసి ఉంది. కొలీగ్ తన సొంతానికి దాచుకున్న స్క్రీన్‌షాట్‌కు మాత్రం ఆ చట్టం వర్తించదు.

నోరు జారడం ఎవరికైనా తప్పదు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్లకు, మైక్రోసాఫ్ట్ సీఈవో అయిన ఏడాదే, అంటే 2014 అక్టోబర్‌లో ఇది జరిగింది. మహిళా ఇంజనీర్ల సభలో జీతం పెంచమని అడగడం గురించి ప్రశ్న వస్తే, అడగకుండా వ్యవస్థను నమ్ముకోమన్నట్టు మాట్లాడారు, కర్మ అనే మాట కూడా వాడారు. ప్రశ్న అడిగిన మరియా క్లావే అప్పట్లో మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలే. ఆమె ఒప్పుకోనని వేదిక మీదే చెప్పేశారు. దుమారం రేగింది. అదే రోజు ఆయన తన మాట సరిగా లేదని ట్వీట్ చేసి, ఉద్యోగులకు మెయిల్ పెట్టి ఆ జవాబు పూర్తిగా తప్పని రాశారు. ఆ మెయిల్లో నాకు నచ్చింది దాని తొందర, ఆ పైన సాకు లేకపోవడం. మన దగ్గర ఇలాంటప్పుడు మొదట వినబడేది, 'నా అకౌంట్ హ్యాక్ అయింది బ్రో.'