క్లోర్‌హెక్సిడిన్ ప్రతిష్ఠ

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతమగు రెడ్డిగూడెమువంటి పల్లెలలో, రాత్రివేళ నేలపై పరుండిన మనిషిని కట్లపాము కరచినయెడల, విజయవాడ పెద్దాసుపత్రికి చేరులోపుననే ఊపిరి ఆగవచ్చును. ఈ విషము ఊపిరితిత్తులను పాడుచేయదు. శ్వాస కండరములను స్తంభింపజేయును. గొంతులో గొట్టము వేసి కొన్ని దినములు వెంటిలేటరుతో శ్వాస ఆడించినచో చాలమంది తేరుకొందురు. ఊపిరితిత్తులు ఆరోగ్యముగానున్న అట్టి రోగికి, ప్రాణము నిలిపిన గొట్టము మూలముననే న్యుమోనియా సోకుట విచారకరము.

ఈ గొట్టము చుట్టును చిన్న గాలిబుడగ యుండును. దంతములపై పేరుకొన్న పాచిలోని సూక్ష్మజీవులు లాలాజలముతో కలిసి, బుడగపై నిలువచేరి, దాని ముడుతల సందున కొంచెము కొంచెముగా క్రిందికి జారును. దగ్గి వెడలగొట్టుటకు రోగికి శక్తి యుండదు.

ఆ సూక్ష్మజీవులను చంపినచో చాలునని, క్లోర్‌హెక్సిడిన్ అను క్రిమిసంహారక ద్రవముతో నోరు తుడుచుట పెక్కుదేశములలో ఆచారమైనది. తర్కము బాగుగనే యున్నది. ఫలితమే దానికి లోబడలేదు. పూర్వపు ప్రయోగములను 2014లో కలిపి పరిశీలించిరి. గుండె శస్త్రచికిత్స జరుగని రోగులలో, మందు ఎవరికిచ్చిరో వైద్యునకు సైతము తెలియని ప్రయోగములలో, న్యుమోనియా నిస్సందేహముగా తగ్గినట్లు కనబడలేదు. పైగా మరణములు పెరిగినవేమో యను అనుమానము కలిగినది. 2022లో అమెరికా వైద్యసంఘముల మార్గదర్శకములు ఈ ద్రవమును వలదని, పండ్లు తోముటను ముఖ్యకార్యముగా పేర్కొనినవి. వేపపుల్ల నమలు గ్రామస్థునకు ఇందు వింత యేమియు లేదు!

పొరపాటు రోగమును లెక్కించుటలోనే యున్నది. వెంటిలేటరుపై నున్నవారికి జ్వరము, ఎక్స్‌రేలో మచ్చ, గొట్టములో చీము కనబడుటకు న్యుమోనియా ఒక్కటే కారణము కాదు. నోటిలో క్రిములు తగ్గినచో కఫపరీక్షలోను తగ్గును. అంతమాత్రమున రోగము తగ్గినదనుకొనుట తొందరపాటు.

మనదేశమున 10 నగరములలోని 21 విభాగములలో సిబ్బందికి శిక్షణనిచ్చి, చేతుల శుభ్రత మొదలగు చర్యలు తీసికొనిరి. వెంటిలేటరు దినములు వేయింటికి 17.43గా నున్న న్యుమోనియా కేసులు 10.81కి దిగినవని 2013లో ప్రకటించిరి. మెచ్చదగిన కృషియే. కాని యిది ముందువెనుకల పోలిక మాత్రమే. అదేకాలమున శిక్షణలేని విభాగములతో పోల్చలేదు. పైని చెప్పిన లెక్కింపు చిక్కు దీనికిని తప్పదు.

రోగి వెంటిలేటరుపై ఎన్నిదినము లుండెననుటలో అట్టి వివాదమునకు తావు తక్కువ. గొట్టము ఎంత త్వరగా తీసిన, క్రిములు జారుటకు అంత తక్కువ వ్యవధి. చికాగోలో 128 మందిపై జరిపి 2000లో ప్రకటించిన ప్రయోగమున, మత్తుమందును ప్రతిదినము కొంతసేపు ఆపి రోగిని మేల్కొల్పిరి. ఆ రోగులలో సగముమంది 4.9 దినములలోపున, తక్కినవారిలో సగముమంది 7.3 దినములలోపున వెంటిలేటరును విడిచిరి.