సున్నపు తేటతో సముద్రం

పల్నాడు ఎండలో, ఈపూరు లాంటి ఊళ్లో ఉప్పునీటి చేపల తొట్టె నిలబెట్టడం గొప్ప పనితనం. బోరు నీళ్లు దీనికి పనికిరావు. ఆర్‌ఓ నీళ్లలో సముద్రపు ఉప్పు మిశ్రమం పోసి, లీటరుకు 35 గ్రాముల లవణీయత వచ్చేదాకా మోటారుతో తిప్పాలి. రాళ్లు పేర్చాక వారాల తరబడి చేపలు వేయకూడదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ముందు ఆ రాళ్లమీద కుదురుకోవాలి. ఖాళీ తొట్టెను రోజూ పరీక్షిస్తూ ఓపిక పట్టే మనిషంటే నాకెంతో గౌరవం.

అసలు నేర్పు ఆ తర్వాత. వేసవిలో నీళ్లు ఆవిరవుతాయి గాని ఉప్పు ఆవిరి కాదు. అందుకే తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. ఆ నీళ్లలో కాస్త సున్నం కలిపి, తేరిన తేటను రాత్రిపూట బొట్టుబొట్టుగా వదిలే పద్ధతి ఒకటుంది. ఒక్కసారిగా పోస్తే క్షారం పెరిగి చేపలు చస్తాయి. రాళ్లమీద పెంకులా పాకే గులాబీ నాచుకు కావలసిన కాల్షియం ఈ తేటలోనే ఉంది. ఇదే జిల్లాలోని పిడుగురాళ్ల బట్టీల్లో తయారయ్యేదీ సున్నమే! అయితే తొట్టెకు మలినాల్లేని శుద్ధమైన రకమే వాడాలి.

ఇక తొట్టెలో పెంచే జీవుల సంగతి. మన దేశంలో గట్టి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. మంచి పనివాడు వాటి జోలికి పోడు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల్నే తెస్తాడు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని తొట్లలోనే పొదిగించి పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించింది.