పర్వాలేదంటే ఎంత?

కొత్త కోడలు వండిన గుత్తివంకాయ కూర మామగారు నోట్లో పెట్టుకున్నారు. ఇంటిల్లిపాదీ ఆయన మొహంకేసి చూస్తోంది. "పర్వాలేదమ్మా" అన్నారాయన. అత్తగారి కనుబొమలు పైకి లేచాయి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ వంటకు రెండుసార్లే దక్కింది మరి! అదే మాట కొత్త సినిమా చూసొచ్చిన కుర్రాడి నోట వస్తే, టికెట్టు డబ్బులు దండగని అర్థం.

"పర్వా" ఫారసీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది. చింత, లెక్క అని దాని అర్థం. దానికి మనవాళ్ళు "లేదు" తగిలించి, మెప్పుకూ పెదవి విరుపుకూ ఓదార్పుకూ ఒకే మాటతో సరిపెట్టుకున్నారు. ఎంత మెప్పో, ఎంత విరుపో వినేవాడే కొలుచుకోవాలి.

ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం ఒక పద్ధతి. ఔననడానికి బదులు "కాదు"ను కాదనడం దానికి దగ్గరి చుట్టం. ఈ రెండోదాన్ని పాశ్చాత్య అలంకారికులు గ్రీకు మాటతో లైటోటీస్ అన్నారు. మన దగ్గర అతిశయోక్తికి పేరుంది, భేదాలున్నాయి, బడిపిల్లలు వల్లించే లక్షణం ఉంది. తగ్గింపు మాటకు మాత్రం అందరికీ తెలిసిన పేరంటూ లేదు.

పేరు లేదు గానీ పనిముట్లకు కొదవ లేదు. "లేకపోలేదు" సంగతి చూడండి. లేక, పో, లేదు. రెండు లేమిలు కలిసి ఒక ఉనికి! "మంత్రివర్గంలో మార్పులు జరిగే అవకాశం లేకపోలేదు" అని పత్రికలో వస్తే, జరిగితే ముందే చెప్పినట్టు, జరక్కపోతే ఏమీ అననట్టు. రాసేవాడికి ఇంతకన్నా సుఖమైన క్రియ మరోటి లేదు. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో డీఎన్ఏ నిర్మాణాన్ని వెల్లడిస్తూ వాట్సన్, క్రిక్ ఇలాంటి మాటే వాడారు. జన్యు పదార్థం తన నకలు తానెలా తీసుకుంటుందో తమ నిర్మాణమే సూచిస్తోందన్న సంగతి తమ దృష్టిని దాటిపోలేదన్నారు. జీవశాస్త్రాన్ని మలుపు తిప్పిన సంగతిని అలా ఒక్క వాక్యంలో, పక్కనుంచి అనేశారు.

ఇక మనవాళ్ళ అసలు నేర్పు ఒక్క అచ్చులో ఉంది. "బాగుంది" అంటే మెప్పు. "బాగానే ఉంది" అంటే? మాట నడుమ "ఏ" చేరగానే మెప్పు సగానికి పడిపోతుంది. "కుర్రాడు మంచివాడే" అని పెళ్ళిళ్ళ పేరయ్య అన్నాడంటే, ఆడపిల్ల తండ్రి వెంటనే చెవులు రిక్కిస్తాడు. వెనకాల ఒక "కానీ" వస్తుందని ఆయనకు తెలుసు. తిట్టడంలోనూ ఇదే పొదుపు. "తమ్ముడేం తక్కువ తిన్నాడా?" అంటే అన్న చేసిన వెధవపనులన్నీ తమ్ముడి ఖాతాలోనూ పడినట్టే.

ఇచ్చేటప్పుడు మాట మరీ చిన్నదవుతుంది. అయిదు రకాల కూరలు, రెండు పిండివంటలు సిద్ధం చేసి "నాలుగు మెతుకులు తిని వెళ్ళండి" అంటారు. గుడికి లక్ష ఇచ్చినవాడు "ఏదో ఉడతాభక్తి" అంటాడు. అన్నిట్లోకీ పెద్ద ఉదాహరణ పసుపుకుంకుమ. చిటికెడు పొడుల పేరుతో ఆడపిల్లకు పొలమే రాసిస్తారు. ఆ పేరు దస్తావేజులకూ, చివరికి కోర్టు తీర్పులకూ ఎక్కింది. ఎకరాలను చిటికెల్లో చెప్పడం వినయమే అనుకోవాలా? దిష్టి భయం కూడా కొంత ఉండకపోదు.

భయం వేసినచోట మాట ఇంకా కుదించుకుపోతుంది. పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తరు, "పురుగు" అంటారు. కాటు వేస్తే "పురుగు ముట్టింది". ఎదుటివాడు బెదిరిపోకుండా ఆపదను చిన్నది చేయడం మనవాళ్ళకే పరిమితం కాదు. 1982 జూన్ 24న ఇండోనేషియా మీదుగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం అగ్నిపర్వతపు బూడిదలో చిక్కుకుంది. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులతో చిన్న సమస్య వచ్చిందన్నాడు. ఆ చిన్న సమస్య ఏమిటంటే నాలుగు ఇంజన్లూ ఆగిపోవడం! తర్వాత ఇంజన్లు మళ్ళీ అందుకున్నాయి, విమానం జకార్తాలో క్షేమంగా దిగింది.

ఇంటి మాటల్లో మాత్రం తగ్గించడంతో తృప్తిపడక తలకిందులే చేశారు. ఆరిపోయిన దీపం "కొండెక్కుతుంది", తెగిన తాళి "పెరుగుతుంది", అయిపోయిన బియ్యం "నిండుకుంటాయి". సెలవులకు అమ్మమ్మ ఊరొచ్చిన నగరం పిల్లాడితో "బియ్యం నిండుకున్నాయిరా" అంటే, డబ్బా అంచుదాకా ఉన్నాయనుకుని వాడు సంచి తీయకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.