ఒకే పేరు, రెండు కార్డులు

వర్షాన్ని నమ్ముకొని వేరుసెనగ పండించే కంబదూరు వంటి చోట కంప్యూటరు కొనడం చిన్న ఖర్చు కాదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పంట తప్పిన ఏడు క్రొత్త యంత్రాన్ని గురించి తలచడానికే వీలుండదు. అందుచేత ఆఫీసులు వాడి వదలిన పాత కంప్యూటరును కొని, ఆటలకో త్రిమితీయ చిత్రాలకో అది చాలనప్పుడు ఒక చౌక గ్రాఫిక్స్ కార్డు తగిలించాలనుకోవడం సహజం. ఈ ఆలోచనలో దోషం లేదు. దోషమున్నది ఇట్టి కార్డులు బజారులోకి వచ్చే తీరులో.

గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఏమిటి? అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల తెరపై మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. కదిలే బొమ్మ కోసం వీటి రంగులను సెకనుకు 60 సార్లు లెక్కగట్టవలసి రావచ్చును. లెక్కలు చేసే చిప్పు, వాటికి కావలసిన వివరాలను దాచే మెమరీ, రెండూ కార్డు మీదనే ఉంటాయి. బోరుబావిలో మోటారు ఎంత బలమైనదైనా పైపు సన్ననిదైతే మడికి నీరు చాలదు. అట్లే మెమరీ నుండి వివరాలు వేగంగా అందకపోతే ఎంత చురుకైన చిప్పయినా ఊరక కాచుకొని ఉంటుంది.

ఎన్విడియా సంస్థ 2017లో జీటీ 1030 అనే చౌక కార్డును విడుదల చేసినది. దానిలో జీడీడీఆర్5 రకం మెమరీ ఉన్నది. 64 తీగల దారిలో ఒక్కొక్క తీగపై సెకనుకు 600 కోట్ల బిట్లు పోతాయి. ఈ రెండింటిని హెచ్చించి, 8 బిట్లు ఒక బైటు గనుక 8తో భాగిస్తే సెకనుకు 48 గిగాబైట్లు వస్తుంది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ గల మరొక కార్డు వచ్చినది. అందులో తీగకు 210 కోట్ల బిట్లే. లెక్క వేస్తే 16.8 గిగాబైట్లు, అనగా మొదటి దానిలో మూడవ వంతుకు కొంచెమే ఎక్కువ. చిప్పు వేగమూ కొంత తగ్గించారు. పెక్కు ఆటలలో రెండవ కార్డు పనితనం మొదటి దానిలో సగం వరకు పడిపోయినది. పేరు మాత్రం మారలేదు!

మెమరీ రకం పెట్టెపై అచ్చు వేసియే ఉన్నది కదా అని సమర్థించవచ్చును. కాని ఆ అక్షరాల అర్థం తెలిసినవాడు మోసపోడు, తెలియనివాడికి అవి ఉన్నా లేనట్లే. సరకు మారినప్పుడు పేరు మార్చడం కనీస ధర్మం.

ఏఎండీ సంస్థ 2022లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6400లో లోపం మరొక రకానిది. ఇది 53 వాట్లతో పనిచేస్తుంది, వేరే కరెంటు తీగ అక్కరలేదు. ఈ గుణాలు నిజంగా మెచ్చదగినవి. అయితే కార్డుకూ కంప్యూటరుకూ నడుమ దీనికి నాలుగే దారులున్నవి. క్రొత్త యంత్రాలలోని నాలుగవ తరం స్లాటులో వీటి గుండా సెకనుకు సుమారు 8 గిగాబైట్లు పోతే, పాత యంత్రాలలోని మూడవ తరం స్లాటులో 4 మాత్రమే పోతాయి. కార్డుపై ఉన్న 4 గిగాబైట్ల మెమరీ నిండినప్పుడు ఈ ఇరుకు బాగా తెలియవస్తుంది. చౌక కార్డు ఎవరికి ఎక్కువ అవసరమో, వారి యంత్రంలోనే అది తక్కువ పనిచేస్తుంది.

కొనేవారు ముందుగా కార్డు అవసరమేనా అని చూచుకోవలెను. పాఠాల వీడియోలు చూడడానికి, తెలుగు టైపు చేయడానికి చాలా యంత్రాలలో లోపలనున్న గ్రాఫిక్సే చాలును. యంత్రం మెల్లగా తెరచుకొంటుంటే, ఆ డబ్బుతో హార్డ్ డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించడం మేలు. కార్డే కావలసివస్తే ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లదో, పెట్టెలో చోటు ఎంతో కొలవవలెను. సెకండ్‌హ్యాండు కార్డయితే ఫ్యానును, దుమ్మును పరీక్షించవలెను. ఈ ఎండలలో గాలి ఆడని కార్డు వేడెక్కి, తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది.

పైన చేసిన హెచ్చవేత, భాగహారం హైస్కూలు విద్యార్థికి అందరానివి కావు. ఉపాధ్యాయులు రెండు కార్డుల వివరాలు బల్లపై వ్రాసి ఈ లెక్క చేయించవచ్చును. కల్యాణదుర్గమో అనంతపురమో పోయి కార్డు తెచ్చే తండ్రి వెంట ఆ లెక్క తెలిసిన పిల్ల ఉంటే, ఆ ఇంటి డబ్బు వృథా కాదు.