కాఫీ కప్పులోంచి ఆకాశం

ఆ గదిలో చూపు ఒకచోట నిలవదు. గోడల మీద తొమ్మిది ప్రొజెక్షన్లు ఒకేసారి నడుస్తుంటాయి. ఒకచోట బొగ్గుగీత ప్రాణం పోసుకుంటుంది. మరోచోట చిరిగిన కాగితం తనంతట తానే అతుక్కుంటుంది. ఇంకోచోట కాగితాలు గాల్లోంచి ఎగిరొచ్చి ఒక మనిషి చేతిలో వాలుతుంటాయి. ఆ మనిషి విలియం కెంట్రిడ్జ్, 1955లో జొహానెస్‌బర్గ్‌లో పుట్టిన చిత్రకారుడు. 1902లోనే వెండితెర మీద చంద్రయానం చేయించిన ఫ్రెంచి మాంత్రికుడు జార్జ్ మెలియెస్‌కు ఆయన 2003లో సమర్పించిన నివాళి ఈ ఇన్‌స్టలేషన్.

చంద్రయానం కెంట్రిడ్జ్ కూడా చేశాడు, స్టూడియో గడప దాటకుండానే. ఈ తొమ్మిదిలో ఒకటైన 'జర్నీ టు ది మూన్'లో కాఫీ కాచుకునే పాత్రే రాకెట్టు, కాఫీ కప్పే టెలిస్కోపు. రోజూ చేతికి తగిలే వస్తువులే అవి. పక్కన నాలుగు గీతలు పడేసరికి వాటికి ఆకాశం అందుతుంది. 'డే ఫర్ నైట్' మరీ అపురూపం. పంచదార నీళ్లతో దారి వేసి చీమల్ని నడిపించాడు, వాటినే చిత్రీకరించాడు. నలుపు తెలుపుల్ని తారుమారు చేయగానే నల్లచీమలు తెల్లటి చుక్కలయ్యాయి. మనం తుడిచిపారేసే చీమలబారు అక్కడ కదిలే నక్షత్రమండలం!

వీటిలోనే మరొకటి 'ఇన్విజిబుల్ మెండింగ్'. దాని నిడివి నిమిషమున్నరైనా లేదు. కానీ నన్ను కట్టిపడేసింది అదే. కెంట్రిడ్జ్ తన నిలువెత్తు ఆత్మచిత్రం ముక్కల్ని ఒక్కొక్కటే అందుకుని గోడకు చేరుస్తుంటాడు. చిరుగులు మాయమవుతాయి. చేయి ఆడిన చోటల్లా బొమ్మ నిండుతుంది. చివరికి బొమ్మలోని మనిషి కదిలి, కాగితంలోంచి బయటికి నడిచిపోతాడు. నిజానికి స్టూడియోలో జరిగింది చించడం, చెరపడం. ఫిల్మును వెనక్కి తిప్పడంతో అది సృష్టిగా మారింది. ఈ కిటుకు పసిపిల్లాడికైనా ఇట్టే తెలిసిపోతుంది. అయినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఈ పనితనం వెనక ఏళ్ల సాధన ఉంది. 1989 నుంచీ ఆయన బొగ్గు యానిమేషన్ పద్ధతి ఒకటే. బొగ్గుతో గీయడం, కెమెరాలో ఒకటి రెండు ఫ్రేములు తీయడం, మళ్లీ బొమ్మ దగ్గరికి నడిచి కొంత చెరిపి కొంత గీయడం. కొత్త కదలికకు కొత్త కాగితం ఉండదు, ఉన్న కాగితమే మారుతుంది. బొగ్గు పూర్తిగా చెరగదు కాబట్టి ప్రతి కదలిక వెనకా బూడిదరంగు జాడ మిగిలిపోతుంది. వర్ణవివక్ష గాయాలున్న దేశపు చిత్రకారుడి చేతిలో ఆ జాడ వట్టి మరక కాదు, సాక్ష్యం. మొదట్లో ఆ జాడల్ని చెరిపి బొమ్మను శుభ్రం చేయాలని ఆయన చూసినా, తర్వాత వాటిని అలాగే ఉండనిచ్చాడు.

గారడీవాడు గుట్టు దాచి మనల్ని ఆశ్చర్యపరుస్తాడు. కెంట్రిడ్జ్ గుట్టంతా కళ్లముందే పరుస్తాడు: చేయి, బొగ్గు, కాగితం, వెనక్కి నడిచే కాలం. అయినా అద్భుతరసం పిసరంత తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది. ఎందుకంటే ఇక్కడ మనల్ని ఊపేసేది ఫలితం ఒక్కటే కాదు. తడబడుతూ, దిద్దుకుంటూ సాగే చేతి ఆలోచన మన కళ్లెదుటే రూపం కడుతుంది. శ్రమను దాచిన కళకు మనం చప్పట్లు కొడతాం. శ్రమను ఇలా పంచుకున్న కళ, మన చేతికీ ఒక బొగ్గుముక్క అందుకోవాలన్న ఆశ కల్పిస్తుంది.